కింది సగం

టీవీ తెరకి అడ్డంగా ఒక సన్నని గీత.
పైసగం మోర్వెన్‌ది, కింది సగం నాది.
ఎందుకలా అని అడిగితే
"నేను ముందు పుట్టాను" అంది.
వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు, తొమ్మిదేళ్లు తప్ప.

ఆర్‌బ్రోత్‌లో నవంబరంటే
మూడున్నరకే రేవు వెనక్కి జారిపోయే పొద్దు,
నాన్న చొక్కాలోంచీ, కిటికీ తెరల్లోంచీ,
ఆఖరికి రొట్టె మీది వెన్నలోంచి కూడా
హాడక్ చేపల పొగ వాసన.
బయట ఏముందని పోతాం?
తెల్లడబ్బా గుర్రుమనేది, పచ్చదీపం వెలిగేది,
పొద్దు అక్కడ ఇంకోసారి పొడిచేది,
చతురస్రంగా.

ఆ లోకానికి అంచు ఉండేది.
ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు.
పడవెక్కి తూర్పుకి పోగా పోగా
నీళ్ల నడుమ కనపడని గోడ ముక్కుకి తగిలేది.
అవతల సముద్రం కనిపిస్తూనే ఉండేది,
రానిచ్చేది కాదు.
మొదటిసారి ఏడ్చాను కూడా.
తర్వాత తెలిసింది
అక్కడ తప్పిపోవడం కుదరదని.
అడుగుపెట్టగానే చేతిలో పటం పెట్టేవాళ్లు,
ఎంత దూరం పోయినా ఆ కాగితంలోనే
దాని గుర్తొకటి, నా గుర్తొకటి.

నా వంతుకొచ్చిన కంట్రోలర్ ముసలిది.
వేలు తీసేసినా ఎడమకే లాగేది.
లావా మీది వంతెన దాటుతూ
ఎన్నిసార్లు పడ్డానో, ఎంత ఇనుము కాల్చానో!
మోర్వెన్ తిట్టింది. రెండోసారీ తిట్టింది.
ఓ శనివారం నేను లేచేసరికి
వంతెన పొడుగునా కంచె కట్టి ఉంది,
ఎడమవైపు మాత్రమే.
కుడివైపేది అంటే
"అటు నువ్వు పడవులే, కర్ర దండగ" అంది.

రాత్రయితే ఇద్దరం మంచాలెక్కాలి.
ఒక్కరు పడుకుంటే తెల్లారదు,
అది ఆ లోకం చట్టం.
అలిగిన రోజు నేను గడపలో నిలబడిపోయేవాణ్ణి,
బయట ఎముకల మనుషులు బాణాలేస్తుంటే
పైసగంలోంచి దాని గొంతు,
"ఫింలే, పడుకోరా, నీకు దండం పెడతా."
అంత బలం నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు కొత్తది ఉంది.
అంతు లేదంటారు దానికి.
నా చెల్లెలి కొడుకు పొద్దస్తమానం నడుస్తూనే ఉంటాడు,
వెనక్కి చూడడు, ఇల్లు కట్టడు.
తేనెటీగలున్నాయి, గుహల్లో పూలున్నాయి,
నిజం చెప్పాలంటే చాలా బాగుంది.
నాకే, ముక్కుకి ఏదీ తగలక
నిద్ర పట్టదు.

మొన్న అటక మీంచి డబ్బా దించాను.
దుమ్ము ఊదాను, రెండుసార్లు గుద్దాను, లేచింది.
మోర్వెన్ గాలిమరలకి సరుకు మోసే పడవ మీద ఉంది.
మెసేజ్ పెడితే రెండు గంటలకి జవాబు:
"కుడి పెట్టెలో వజ్రాలు ఏడు. లెక్క నాకు తెలుసు."

ఏడే ఉన్నాయి.
ఇల్లు అలాగే ఉంది, కాగడాలు ఆరలేదు,
పందులకి పన్నెండేళ్లుగా ఆకలి వెయ్యలేదు.
రాత్రయింది.
ఒక్కణ్ణే పడుకున్నాను.
టక్కున తెల్లారిపోయింది,
ఎవర్నీ అడక్కుండా.

అది నాకు నచ్చలేదు.
అట్టపెట్టె అడుగు దాకా వెతికి
ముసలి కంట్రోలర్ కూడా తగిలించాను.
తెర మీద గీత పడింది.
మంచి కంట్రోలర్ నా చేతిలో ఉంది,
అంటే, చూడండి, పైసగం నాది.
ఇక్కణ్ణుంచి ఇలా కనిపించేదన్నమాట!

కిందిసగంలో, వంతెన మీద,
ఆఖరిరోజు నేను వదిలేసిన చోటే
నా బొమ్మ నిలబడి ఉంది.
కంట్రోలర్ తివాచీ మీద ఉంది, ఎవరూ పట్టుకోలేదు.
అయినా వాడు కదిలాడు,
ఎడమకి, మెల్లగా, ఇంకా ఎడమకి,
కంచె దాకా వచ్చి
ఆగాడు.